మూడు పుస్తకాలు, పన్నెండు ఇడ్లీలు

"చదవను రాని పుస్తకం ఎందుకు నాయనా? అట్ట చూసి ఆకలి తీర్చుకొనేదానికా?" అంది పాప. పొద్దుటి నుంచి ఆ మాట అనడం ఇది మూడోసారి.

"అది మన తెలుగే. ఈ ఇంట్లో అందరమూ పుట్టిన దినం నుంచి మాట్లాడే భాష. అది ఇంట్లోకి వస్తే నీకేమి నొప్పి?" గురుసామి ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ చాలాసేపు నమిలాడు. డాక్టరు అలా నమలమన్నాడు.

"మాట్లాడేది వేరే, చదివేది వేరే. ఆ ఎళుత్తు, ఆ అక్షరాలు మీకు తెలుసునా? అవ్వకు తెలుసునా? ఎవరు చదివి అమ్మకు చెప్పేది?"

"ఎవరూ చదవద్దు, ఎవరూ చెప్పద్దు," అంది గురుసామి తల్లి కుప్పమ్మాళ్, గోడకు ఆనుకున్నచోటి నుంచే. "నేను ఈ ఇంటికి వచ్చి యాభై ఏండ్లు. ఏ పుస్తకం చూసి పులుసు కాచినాను? నా చేతి పులుసు తిని ఎవరికి చక్కెర వచ్చింది?"

ఆ చివరి మాట ఎవరిమీదికి వచ్చి ఆగుతుందో మంగళానికి తెలుసు. చట్నీ గిన్నె పట్టుకుని వంటింటి గడపలోనే నిలబడింది. గురుసామికి చక్కెరజబ్బు అని ఆస్పత్రిలో తేల్చి మూడు వారాలైంది. ఆ మూడు వారాల్లో పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టమూ ఆయన చెయ్యి పట్టుకుని అయ్యో అన్నారు, ఆమె వైపు తిరిగి "ఏమి పెట్టినావమ్మా మొగుడికి?" అన్నారు.

పీటల ముందు నేలమీద మూడు పుస్తకాలు వరసగా పడి ఉన్నాయి. రోజువారీ వంటలో ఏది మానాలో ఏది కలపాలో నోటితో చెబితే నిలవదు, మంచి పత్రిక ఏదైనా నెలనెలా తెప్పించుకోండి అన్నాడు డాక్టరు. సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని ఇంటింటికీ పుస్తకాలు అద్దెకిచ్చే కన్నుసామి శనివారం రెండు ఇచ్చి పోయాడు. ఒకటి లావుపాటిది, రంగుల అట్ట. లోపల హల్వా, డాల్డా, సశేషమని ఆగే తొడర్‌కథ. పాప మనసు ఆ తొడర్‌కథ మీద ఉంది. రెండోది పచ్చ అట్టది, పలచనిది, ఒక్క బొమ్మ లేదు. ఎవరో డాక్టరు నడుపుతున్నాడట. రెండూ తమిళమే. మూడోది గురుసామి తెచ్చాడు. ఆయన నూలు మిల్లులో తూకం గుమాస్తా. గుంటూరు నుంచి వచ్చే పత్తి బేళ్ళ వెంబడి సీతారామ అనే దళారి గుమాస్తా కూడా వస్తాడు. అతని సంచిలో కనబడిన తెలుగు వంటల పత్రికను చూసి, ఒక వారం ఇవ్వమని అడిగి పుచ్చుకున్నాడు. తమిళ బడుల్లో చదివిన తమలో ఎవరికీ తెలుగు చదవడం రాదన్న సంగతి ఇంటికి వచ్చి, పుస్తకం తెరిచి, మళ్ళీ మూసేవరకూ ఆయనకు తట్టనే లేదు.

"సీతారామ నాళెకి, మంగళవారం, మిల్లుకి వస్తాడు. సాయంత్రం ఇంటికి పిలుచుకొని వస్తాను. అతను చదువుతాడు, నువ్వు విను," అన్నాడు భార్యతో.

"నెలనెలా అతను వస్తాడా?" అంది పాప.

"నువ్వు బడికి పో."

కుప్పమ్మాళ్ లేచి, ఇడ్లీపాత్ర తట్టలో చివరగా మిగిలిన ఇడ్లీని వేడివేడిగా చేతిలోకి తీసుకుంది. పెరటి గోడమీద పెట్టి "కా, కా" అని పిలిచింది. కాకి రావడానికి ఆలస్యం కాలేదు. మంగళం తట్టల మీది గుడ్డలు ఊడదీసి నీళ్ళలో వేసింది. పలచని తెల్ల కట్టుగుడ్డలవి. పక్కింటి పుష్పం ఆస్పత్రి కట్లకు నేసే గుడ్డను మడతలు పెట్టే పనికి పోతుంది. మిగిలిన ముక్కలు తెచ్చి ఇస్తుంది. ఆ గుడ్డకు అంటుకున్న ఇడ్లీ పొరను వేలితో గీకి, మంగళం నోట్లో వేసుకుంది.

*

సీతారామ తెల్లటి ధోవతి కట్టుకుని, కూర్చోబోయే ముందు తిన్నెను కండువాతో రెండుసార్లు దులిపాడు. మంగళం తలుపు చాటున నిలబడింది. కుప్పమ్మాళ్‌కి ఆ చాటు అవసరం లేదు కాబట్టి ఎదురుగానే కూర్చుంది.

అతను గొంతు సవరించుకుని చదివాడు. కాకరకాయ కూర. చక్కెరవ్యాధి ఉన్నవారికి మంచిది. చదువుతుంటే కుప్పమ్మాళ్ తల ఊపింది. మన మాట మాదిరే ఉండాదే అని సంతోషపడింది. తరవాత "గిద్దెడు నూనె" అన్నాడు.

"గిద్ద అంటే ఎంత నాయనా?"

"సోలలో నాలుగోవంతండి."

"సోల అంటే?"

"తవ్వలో సగం."

"తవ్వ?"

"మానికలో సగమండి," అన్నాడు సీతారామ. గొంతులో కొంచెం అనుమానం చేరింది.

కుప్పమ్మాళ్ లోపలికి పోయి తన ఇత్తడి ఆళాక్కు తెచ్చింది. నలభై ఏళ్ళుగా ఆమె చేతిలో అరిగిన చిన్న కొలత అది. "దీంట్లో ఎంతో చెప్పు."

సీతారామ దాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగు చూసి, తిరిగి ఇచ్చాడు. "ఇది నాకు తెలియదమ్మా. మా వైపు లేదు."

"ఇది తెలియకుంటే వంట ఏమి తెలుస్తుంది?" కుప్పమ్మాళ్ నవ్వింది. "మా ఇంట్లో పీటకు ఒక ఆళాక్కు బియ్యం. పాపకు ఒకటి, నాకు ఒకటి, వీడికి రెండు. ఇప్పుడు డాక్టరు చెప్పినాడని వీడికీ ఒకటే చేసినాను. ఇడ్లీ పిండీ అంతే, మూడు తట్లకు కొలిచి పోస్తాను. ఒక్క మెతుకు పారెయ్యను. పుస్తకం రాసినోళ్ళు ఇంత కచ్చితంగా రాస్తారా, అడుగు."

"మా అమ్మ చెయ్యి తక్కెడ మాదిరి," అన్నాడు గురుసామి గర్వంగా.

సీతారామ కాఫీ తాగి వెళ్ళిపోయాడు. కాకరకాయ కూర ఎలా చెయ్యాలో చివరికి మంగళానికి తెలియలేదు. మాటలన్నీ తెలిసినవే. కలిపి చూస్తే ఎవరో పరాయి ఇంట్లో, తలుపవతల నిలబడి విన్నట్టు ఉంది.

*

బుధవారం మధ్యాహ్నం రుబ్బురోలు ముందు కూర్చున్నప్పుడు మంగళానికి ఆ తల తిరుగుడు మళ్ళీ వచ్చింది. ముందు చేతులు వణికాయి. తరవాత పొత్రం తిరుగుతోందో రోలు తిరుగుతోందో తెలియలేదు. గోడ పట్టుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళలో నల్లటి చుక్కలు, నోరు ఎండుకుపోయింది. లేచి చెంబెడు నీళ్ళు తాగింది. నీళ్ళు తాగినకొద్దీ ఇంకా కావాలనిపించింది.

ఇలా కావడం పది దినాలలో నాలుగోసారి. ఎవరికీ చెప్పలేదు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. రవికె భుజాల దగ్గర వదులైంది. అత్త ఒకసారి చూసి, "చిక్కిపోతా ఉండావు, మొగుడి మీద దిగులా?" అని, అదే మంచి లక్షణమన్నట్టు తల ఊపింది.

పిండి చెయ్యి కడుక్కుని మంగళం పచ్చ పుస్తకం తీసింది. ఐదో క్లాసు దాకా చదివిన తమిళం, కూడబలుక్కుంటే వస్తుంది. పదకొండో పుటలో ఒక వరస ఉంది. దాహం, ఒళ్ళు చిక్కడం, తల తిరగడం, చేతులు వణకడం. ఒక్కో మాట మీదా వేలు పెట్టింది. నాలుగూ ఉన్నాయి.

ఆమె లావు పుస్తకం తీసి చూసింది. తల తిరిగితే నిమ్మకాయ నీళ్ళలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగమని ఉంది. పచ్చ పుస్తకమేమో చక్కెర విషమంటోంది. పచ్చదానిలో నువ్వులనూనె మంచిది. లావుదానిలో నూనె మానండి, డాల్డా వాడండి. తెలుగు పుస్తకం కూడా తెరిచింది. గుండ్రటి అక్షరాలు, ముగ్గుల మాదిరి అందంగా ఉన్నాయి. తన నోటిలో ఉన్న భాషే. ఏమి చెబుతోందో తెలియదు. ఏమని చెబుతుందో అన్న భయంతో అదీ మూసేసింది.

ఈ జబ్బు అంటుకుంటుందా? చుట్టాలలో ఒకామె అంటుకుంటుందనే చెప్పింది. ఆయన తిన్న ఆకులోనే తను తింటుంది. తనకూ వస్తే? ఒక్కరికి వచ్చినందుకే ఇంత మంది ఇన్ని మాటలన్నారు. తనకు కూడా అంటే అత్త ఏమంటుంది? "నీ వంటే నీకు పెట్టింది జబ్బు" అంటుంది. కొత్త పథ్యం ఎవరు వండుతారు? పాప తొమ్మిదో క్లాసు, బడి మాన్పిస్తారు.

అలమరలో గురుసామి పొద్దున్నే చేసుకునే పరీక్ష సామాను ఉంది. గాజు గొట్టం, స్పిరిటు దీపం, నీలం మందు సీసా. ఆయన చేసేటప్పుడు ఇరవైసార్లు చూసింది. మందులో ఎనిమిది చుక్కల మూత్రం కలిపి కాచాలి. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేదు. పచ్చబడితే కొంచెం, ఇటుక రంగు వస్తే చాలా. మొదటి దినం ఆయనది కాల్చిన ఇటుక లాగా వచ్చింది.

అత్త నడుం వాల్చింది. గురక వినిపించేవరకూ మంగళం ఆగింది. పెరటివైపు పోయి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, దీపం వెలిగించింది. చుక్కలు లెక్క తప్పాయి. మొదటిది పారబోసి మళ్ళీ మొదలుపెట్టింది. గొట్టంలో బుడగలు పైకి లేచాయి. ఇటుక కాలేదు. పచ్చ కూడా కాలేదు. మందు మొదట ఎలా ఉందో అలాగే, బట్టలకు పెట్టే నీలం మాదిరి నిలిచింది.

ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. ముందు కన్నీళ్ళొచ్చాయి. తుడుచుకుని గొట్టాన్ని కిటికీ వెలుతురులో పట్టి మళ్ళీ చూసింది. నీలమే. జబ్బు లేదు. సంతోషం రావాలి. వచ్చింది కానీ నిలబడలేదు.

జబ్బు కాకుంటే మరి ఇదేమిటి?

మూడు పుస్తకాలూ ఆమె ముందే ఉన్నాయి. ఏదీ బదులు చెప్పలేదు.

*

గురువారం సాయంత్రం పాప బడినుంచి వచ్చి పచ్చ పుస్తకం తిరగేస్తూ, వెనక అట్ట దగ్గర ఒక పట్టిక కనిపెట్టింది. "అమ్మా, ఇది చూడు. ఇంట్లో ఎవరెవరు మూడు దినాలు ఏమేమి తిన్నారో రాసి పంపాలంట. చందా కట్టినోళ్ళకు వాళ్ళ డాక్టరు చూసి, ఎవరికి ఏమి పెట్టాలో రాసి పంపుతాడంట. చుమ్మా, ఊరికే!"

"నీకు లావు పుస్తకం కదా కావాల?"

"తొడర్‌కథ పక్కింటి పుష్పమక్క దగ్గర చదువుకుంటాను. ఇది బాగుండాది. బడిలో మాకు ఇట్లాంటిదే నేర్పినారు." పాప కాలు మడుచుకుని కూర్చుని, స్కేలుతో గీతలు సరిచేసుకుని, కలంలో ఇంకు పోసుకుంది. నాలుగు గడులు. నాయన, అవ్వ, నేను, అమ్మ.

మొదటి మూడు గడులూ ఎవరినీ అడక్కుండానే నిండాయి. నాయనకు పొద్దున ఇడ్లీ నాలుగు, మధ్యాహ్నం క్యారియరులో ఒక ఆళాక్కు అన్నం, కూర, మజ్జిగ. రాత్రి జొన్న దోసెలు మూడు. పాప వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ రాసింది. నాలుగో గడి దగ్గర కలం ఆగింది.

"అమ్మా, మంగళవారం పొద్దున నువ్వేమి తిన్నావు?"

మంగళం చింతపండు పిసుకుతోంది. నోరు తెరిచింది. మంగళవారం పొద్దున. అందరూ లేచిన తరవాత తట్టలు కడిగింది. గంజిలో ఉప్పు వేసుకుని తాగింది. అది మంగళవారమా, సోమవారమా? చట్నీ గిన్నె తుడిచి నాకింది. ఇవి గడిలో రాసేవి కావు. డాక్టరు చదివే కాగితం. ఎక్కడో మద్రాసులో ఎవరో చదువుతారు. ఈ ఇంటి గురించి ఏమనుకుంటారు?

"నాలుగు ఇడ్లీ," అంది.

"మధ్యాహ్నం?"

"అన్నం. పులుసు. కీరాకు కూర. పెరుగు." చెబుతుంటే నోట్లో నీళ్ళూరాయి. "బుధవారం కూడా నాలుగు ఇడ్లీ రాయి. మధ్యాహ్నం అన్నంలోకి పప్పు, అప్పళం. సాయంత్రం ఒక అరటిపండు."

"అరటిపండు ఎప్పుడు తిన్నావు?"

"తిన్నాను. రాయి."

పాప రాసింది. నాలుగో గడి అన్నిటికన్నా నిండుగా, అందంగా వచ్చింది. మంగళం చింతపండు చేత్తో పట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. అబద్ధం ఎందుకు చెప్పినట్టు? ఎవరి పరువు కాపాడినట్టు? అడిగింది కన్నకూతురు. ఆ పిల్ల దగ్గర కూడానా? పొయ్యిలో పత్తికట్టెలు చిటపటమంటూ మంట ఎగేసేదాకా ఆమెకు పులుసు గుర్తురాలేదు.

*

శుక్రవారం సాయంత్రం గురుసామి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి కన్నుసామి సైకిలు గంట వినిపించింది. పెట్టె దించకుండానే తిన్నె మీద కూర్చుని, "అక్కా, ఏ పుస్తకం పెట్టుకోవాలని ముడివు చేసినారు?" అని లోపలికి కేకేశాడు.

"ఉండు కన్నుసామీ, ఇంకా సండై, పోట్లాట నడుస్తా ఉండాది," అన్నాడు గురుసామి. పాప ఇచ్చిన పట్టికను కళ్ళకు దూరంగా పట్టుకుని చదివాడు. తన గడి చదివి తల ఊపాడు. తల్లి గడి, పాప గడి చదివాడు. నాలుగో గడికి వచ్చి పెద్దగా నవ్వాడు.

"అమ్మా, విన్నావా? మన ఇంట్లో అందరికన్నా బాగా తినేది నీ కోడలే. నాలుగు ఇడ్లీ, పప్పు, అప్పళం, పెరుగు, పైన అరటిపండు! నాకు డాక్టరు పెట్టిన ఆంక్షలంతా దానికి లాభమైనట్టుంది. ఇంత తిని చిక్కిపోయినావు అంటే, మంగళం, అదేమి ఒళ్ళో!"

తిన్నె మీద కన్నుసామి కూడా నవ్వాడు. మంగళం తల ఎత్తలేదు. అది తను చెప్పిన మాటే. తను చెప్పిందే తన మీద పడుతుంటే కాదనడానికి దారి లేదు.

"నాలుగు ఇడ్లీనా?" అంది కుప్పమ్మాళ్.

"నాలుగు. మూడు దినాలూ నాలుగే."

"దానికి నాలుగు ఎట్ల వస్తుంది?" కుప్పమ్మాళ్ గొంతులో కోపం లేదు, కొలత తప్పిందన్న రోషం ఉంది. ఆమె లెక్కలో ఏనాడూ తప్పు రాలేదు. "పిండి పోసేది నేను. తట్టకు నాలుగు, మూడు తట్లు. పన్నెండు. నీకు నాలుగు. పాపకు నాలుగు. నాకు మూడు. కాకికి ఒకటి. అయింది పన్నెండు. దానికి నాలుగు ఎక్కడి నుంచి..."

మాట అక్కడ ఆగింది.

కుప్పమ్మాళ్ ఎడమచేతి వేళ్ళు లెక్కపెట్టినట్టే మడిచి ఉన్నాయి. ఆ వేళ్ళను చూసుకుంది. పెరటి గోడ వైపు చూసింది. మళ్ళీ వేళ్ళు చూసుకుంది.

"అన్నమూ అంతేనా?" అన్నాడు గురుసామి మెల్లగా. ఆయన తూకం మనిషి. బేళ్ళ బరువు ఒక్క రాత్తలు తేడా వస్తే పసిగడతాడు. "పీటకు ఒక ఆళాక్కు... నాకు రెండుండె. నేను రెండూ తినను, సగం ఆకులో వదిలేస్తా ఉంటిని. ఆ సగమేనా దానికి?"

"నా కాలంలోనూ పీట మీద కూర్చునేవాళ్ళ లెక్కే," అంది కుప్పమ్మాళ్. ఎవరికి చెబుతోందో తెలియని గొంతు. "వండే మనిషికి అడుగున మిగులుతుంది అనేవాళ్ళు. మా అత్త నాకు కొలవలేదు. మిగిలింది. ఏదో ఒకటి మిగులుతానే ఉండె." కొంచెం ఆగి, "నీది సగం చేసినాక అడుగున ఏమీ మిగలదని నాకు తోచలేదు."

"నువ్వు ఒక మాట చెప్పకూడదా?" గురుసామి భార్య వైపు తిరిగాడు.

"నాకే తెలియలేదు," అంది మంగళం. అది నిజం. "నాకూ చక్కెర వచ్చిందనుకున్నాను. మీ మందులో కాచి చూసుకున్నాను. నీలంగానే ఉండె. అప్పుడూ అర్థం కాలేదు. మూడు పుస్తకాలూ చూసినాను."

పాప పట్టిక తీసుకుని నాలుగో గడిని చూసింది. ఇంకు ఎండిపోయింది.

కుప్పమ్మాళ్ లేచింది. మోకాలు పట్టుకుని, గోడ ఆసరాతో బియ్యపు గాదె దగ్గరికి పోయి ఆళాక్కు తెచ్చింది. కోడలికి ఇవ్వబోయి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఇచ్చెయ్యాలో, తనే కొలవాలో తెలియనట్టు. తను కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ చెయ్యి అలా ఆగడం మంగళం చూడలేదు.

బయట కన్నుసామి దగ్గాడు. "అక్కా, చీకటి పడుతుంది. తళవాయిపురం వరకూ తొక్కాల."

మంగళం చేతులు కొంగుకు తుడుచుకుని నడవలోకి వచ్చింది. నేలమీద పుస్తకాలు అలాగే వరసగా ఉన్నాయి. పచ్చదాన్ని తీసి పాప ఒళ్ళో పెట్టింది. లావుదాన్ని కన్నుసామికి ఇవ్వడానికి గడప మీద పెట్టింది. తెలుగుదాన్ని ఒక నిముషం చేతిలో ఉంచుకుని, గురుసామికి అందించింది.

"సీతారామగారికి ఇచ్చెయ్యండి. ఎవరైనా అక్షరాలు నేర్పితే అప్పుడు తెప్పించుకుందాం," అంది. తరవాత అందరికీ వినబడేలా, ఉప్పు అయిపోయిందని చెప్పేటప్పుడు ఎలా చెబుతుందో అలా, గొంతు పెంచకుండా చెప్పింది.

"పచ్చ పుస్తకానికి చందా కట్టుదాం. పాపా, నా గడి కొట్టేసి, నిజంగా తిన్నదే రాయి. గంజి అంటే గంజే రాయి, ఏమీ లేకుంటే లేదని రాయి. అత్తా, రేపటి నుంచి నాలుగు ఆళాక్కులు కొలవండి. ఇడ్లీకి రెండో విడత పొయ్యిమీద పెడతాను. మీరందరూ కూర్చునేటప్పుడు నేనూ కూర్చుంటాను. కావలసింది ఎవరికి వాళ్ళు వడ్డించుకుందాం."